వరసగా చదివిన ఇల్లు

మా తాత బైబిలు ఏరుకుని చదవనిచ్చేవాడు కాదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో మొదలుపెడితే ప్రకటన గ్రంథం ఆఖరి మాట వరకూ వరసగా వెళ్ళాల్సిందే. అయిపోయాక మళ్ళీ మొదటికి రావాలి. మధ్యలో లేవీయకాండం వచ్చినా, వంశావళులు వచ్చినా, పేర్లకి నోరు తిరక్కపోయినా దాటేయడానికి వీల్లేదు. సోంపేటలో అమ్మమ్మ వాళ్ళ పెంకుటింటి వసారాలో, రాత్రి భోజనాలకి ముందు చాప వేసుకుని, మనిషికి కొన్ని వచనాల చొప్పున వంతులేసుకుని చదివేవాళ్ళం. 1980ల నాటి మాట. నాన్న మిలటరీలో ఉండేవారు. మా జిల్లాలో చాలా ఇళ్ళది అదే కథ. అందుకని నా చిన్నతనమంతా తాత దగ్గరే గడిచింది.

తాత ప్రైమరీ స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. బడిలో పుస్తకాల భాషే మాట్లాడేవాడు గానీ ఇంట్లో మాత్రం మా ఊరి మాటే. "సంతలో వంకాయలు ఏరినట్టు ఏరితే మనకి నచ్చిందే సేతికొస్తాదే అమ్మీ. వరసగా సదివితేనే నచ్చనిది కూడా ఎదురొస్తాది. అది ఎదురొచ్చినప్పుడే మనకి పని" అనేవాడు. ఆ వయసులో నాకు అందులో అర్థమైంది ఒక్కటే, సంఖ్యాకాండంలో గోత్రాల లెక్కలు కూడా చదవక తప్పదని.

మా ఇంట్లో ఏరుకోవడం అలవాటు లేకపోయినా బయట అంతటా అదే ఉండేది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పన్నెండు దాటగానే అందరూ చేతులు కలుపుకోవడం, కేకు ముక్కలు, తర్వాత బల్ల మీద పళ్ళెంలో పరిచిన వాగ్దానం కార్డులు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే అని నమ్మకం. నీలం రంగు పువ్వుల బొమ్మ, కింద ఒక వచనం. కొందరు దాన్ని పర్సులో పెట్టుకునేవాళ్ళు, కొందరు ఇంట్లో దూలానికి అంటించేవాళ్ళు. ఆ రాత్రి ఆడవాళ్ళ ముఖాల్లో ఉండే ఆశ నాకిప్పటికీ ఇష్టం. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

తాత కూడా మమ్మల్ని కార్డు తీసుకోవద్దనలేదు. ఇంటికొచ్చాక మాత్రం ఒక పని పెట్టేవాడు. కార్డు మీద ఏ వచనం ఉందో ఆ అధ్యాయం మొత్తం చదవాలి. ఒక ఏడాది మా పిన్నికి యిర్మీయా 29వ అధ్యాయం పదకొండో వచనం వచ్చింది. హానికరమైనవి కావు, సమాధానకరమైన ఉద్దేశాలే అనే మాట. అది అందరూ కోరుకునే కార్డు. పిన్నికి అప్పుడే టైపిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం వచ్చినట్టేనని అమ్మమ్మ పాయసం కూడా కాచింది.

తెల్లారి తాత అధ్యాయం తెరిపించాడు. అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకి బందీలుగా వెళ్ళినవాళ్ళకి యిర్మీయా ప్రవక్త రాసినది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు అనుభవించండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి అని ముందు చెబుతాడు. అంటే ఇప్పట్లో ఇంటికి రారని. పదకొండో వచనానికి సరిగ్గా ముందున్న పదో వచనంలో ఉంది, డెబ్బై ఏళ్ళు. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని జనమంతా వింటుండగా చెబుతాడు. అది దేవుడు చెప్పిన మాట కాదు.

"ఆ ఉత్తరం అందుకున్న ముసలోళ్ళలో ఎంతమంది తిరిగొచ్చుంటారు?" అని తాత పిన్నిని అడిగాడు. పిన్ని లెక్క వేసి, "ఎవరూ రారు నాన్నా" అంది. "మరి ఆళ్ళకి ఈ మాట ఎందుకు రాసినట్టు?" ఆ ప్రశ్నకి పిన్ని దగ్గర జవాబు లేదు. తాత కూడా చెప్పలేదు. ఆ ఉద్యోగం పిన్నికి రాలేదు. చాలా ఏళ్ళకి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పిన్నే ఆ సంగతి ఎత్తింది. ఆ కార్డు ఒక్కటే నమ్ముకుని ఉంటే ఆ ఏడు దేవుణ్ణి వదిలేసి ఉండేదాన్ని, అధ్యాయం అంతా చదవబట్టి నిలబడ్డాను అని చెప్పింది.

పాత అనువాదంలో భాష కష్టంగా ఉందని ఎవరైనా విసుక్కుంటే తాత ఒక సంగతి చెప్పేవాడు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయారు, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్ళు చేసిన మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్ ప్రెస్సులో అచ్చయ్యాయి. కొత్త నిబంధన మొత్తం 1818లో మద్రాసులో అచ్చు కావడానికి పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కూడా విశాఖపట్నంలో ఉన్నవారే. మన పక్కూళ్ళో ప్రాణాలు పెట్టి తెచ్చిన పుస్తకంలో నీకు నచ్చిన నాలుగు ముక్కలు పట్టుకుపోయి మిగతాది అలా వదిలేస్తావా అని తాత బాధ. పర్లాకిమిడి వైపు 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారంటే కూడా ఆయనకి ప్రాణం. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, చదివి, తర్కించి ఈ విశ్వాసంలోకి వచ్చిన మనిషి. ఆయన రాసిన కీర్తన ఒక్కటైనా పాడకుండా మా ఇంట్లో ప్రార్థన ముగిసేది కాదు.

మా ఊరికి ఆరోగ్యవరం ఆసుపత్రి వల్ల పేరు. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళది. అక్కడ పనిచేసిన డాక్టర్ బెన్ గలిసన్ గారు కెనడా వెళ్ళి ఇక్కడి చూపులేని వాళ్ళ గురించి చెబితే, 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థే పుట్టింది. ఒడిశా వైపు నుంచి కూడా శుక్లాల ఆపరేషన్లకి జనం వచ్చేవాళ్ళు. తోడు వచ్చినవాళ్ళకి ఉండడానికి చోటు దొరక్కపోతే తాత వసారా ఇచ్చేవాడు. కంటి మీద దూది, దాని మీద పచ్చగుడ్డ కట్టుకుని గోడకి చేరబడి కూర్చున్న ముసలివాళ్ళని చూస్తూ పెరిగాం.

ఒకసారి ఒక ముసలమ్మ వచ్చింది. ఆమెకి ఒక కన్ను ఆపరేషన్ చేసినా రాదని డాక్టర్లు చెప్పేశారు. "ఏ జన్మలో సేసుకున్న పాపమో బాబూ" అని ఏడుస్తోంది. ప్రార్థనకి వచ్చిన మా సంఘం పెద్ద ఒకాయన ఓదార్చబోయి, జన్మల మాట తీసేసి, "ఈ జన్మలోదే ఏదో ఉంటాదమ్మా, ఒప్పుకో, దేవుడు చూస్తాడు" అన్నాడు. నాకు ఆ మాట వింతగా ఏమీ అనిపించలేదు. అందరూ అనేదే కదా.

తాత యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీశాడు. మేము అప్పుడు చదువుతున్నది రాజుల గ్రంథమే, అయినా ఆ రోజు వరస తప్పించాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడుగుతారు, వీడు గుడ్డివాడుగా పుట్టడానికి ఎవడు పాపం చేశాడు, వీడా, వీణ్ణి కన్నవాళ్ళా అని. "యేసు పక్కన నడిసినోళ్ళకే ఈ అనుమానం. మనకి రావడం వింతేటి కాదు" అన్నాడు తాత. వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు అన్నది ప్రభువు జవాబు. ఉమ్మితో బురద చేసి కళ్ళకి పూసి, సిలోయము కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు.

సంఘం పెద్ద అక్కడికి తలూపి ఊరుకున్నాడు. తాత ఆపలేదు, అధ్యాయం చివరి దాకా చదివాడు. నాకు గుర్తుండిపోయింది ఆ చివర. చూపొచ్చిన ఆ మనిషిని పరిసయ్యులనే మతపెద్దలు నిలబెట్టి ప్రశ్నలు వేస్తారు. కళ్ళెదుట మనిషి చూస్తున్నాడు. అయినా వాళ్ళు అనే ఆఖరి మాట, నీవు కేవలము పాపివై పుట్టినవాడవు. అని వెళ్ళగొట్టేస్తారు. ఇంత జరిగినా వాళ్ళ అభిప్రాయం ఒక్క అంగుళం కదల్లేదు! చిన్నపిల్లనే అయినా ఆ రోజు నాకు భయం వేసింది. లేఖనాలన్నీ కంఠతా వచ్చినవాళ్ళు అలా ఎలా ఉండగలిగారా అని ఇప్పటికీ ఆలోచిస్తాను.

మా అమ్మకి ఆ అధ్యాయం ఎంత నచ్చిందంటే, రోగానికీ పాపానికీ అసలు సంబంధమే లేదని వచ్చిన వాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టింది. తాత దానికీ ఒప్పుకోలేదు. అదే సువార్త అయిదో అధ్యాయం చూపించాడు. బేతెస్ద కోనేటి దగ్గర బాగుపడిన మనిషితో ప్రభువు, మరి యెక్కువ కీడు కలగకుండా ఇకను పాపము చేయకుమని అంటాడు. "రెండూ ఆయన మాటలే. నీకు కావలసింది ఒకటి పట్టుకుని రెండోది దాచీకు" అన్నాడు. అమ్మకి ఆ రోజు కోపం వచ్చింది. ఓదార్పు ఇచ్చే మాటని కూడా సాగదీయనివ్వడేమిటని.

ఇక కొబ్బరితోట సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. చినతాత ఇప్పుడు లేరు, తాతా లేడు. వాళ్ళ పిల్లలూ మేమూ కలిసే ఉన్నాం. అందుకే రాస్తున్నాను.

తాతకీ చినతాతకీ తోటలో పక్కపక్కనే వాటాలు. మధ్యలో గట్టు. ఒక వేసవిలో గట్టు మా వైపు జరిగింది, దాంతో పాటు కాపు మీదున్న నాలుగు కొబ్బరి చెట్లు చినతాత వైపు వెళ్ళిపోయాయి. సర్వే రాయి కూడా కనబడలేదు. మాటా మాటా పెరిగి కోర్టు దాకా వెళ్ళింది. అన్నదమ్ములిద్దరూ ఒకే సంఘం. ఆదివారం ఒకే మందిరంలో చెరో వైపు కూర్చునేవాళ్ళు.

తాత మంచి దస్తూరీతో తెల్ల కాగితం మీద సామెతలు 22వ అధ్యాయం ఇరవై ఎనిమిదో వచనం రాసి, క్యాలెండరు పక్కన గోడకి అంటించాడు. నీ పితరులు వేసిన పురాతనమైన పొలిమేర రాతిని నీవు తీసివేయకూడదు. పొరుగువాడి సరిహద్దు రాయి తీసేసినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండంలో ఉన్న మాట కూడా ఆయనకి నోటికొచ్చు. వాయిదాకి వెళ్ళే ప్రతి ఉదయం ఆ కాగితం ముందు నిలబడి ప్రార్థన చేసుకుని వెళ్ళేవాడు. ఆయన పక్షాన న్యాయం ఉంది, ఆ న్యాయానికి వాక్యం కూడా ఉంది. ఇంక ఏం కావాలి?

మా చదువు మాత్రం ఆగలేదు. సువార్తలు అయిపోయాయి, అపొస్తలుల కార్యాలు అయిపోయాయి, రోమా పత్రిక అయిపోయి, కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరం, మొదటి కొరింథీలోకి వచ్చాం. ఆరో అధ్యాయం రోజున మొదటి వంతు నాది. వ్యాజ్యెము అనే మాట నాకు పలకడానికి రాలేదు. తడుముకుంటూ చదువుతున్నాను. "ఒకనిమీద ఒకడు వ్యాజ్యెమాడుట మీలో ఇప్పటికే కేవలము లోపము. అంతకంటె అన్యాయము సహించుట మేలు కాదా? దానికంటె మీ సొత్తుల నపహరింపబడనిచ్చుట మేలు కాదా?"

"మళ్ళీ సదువు" అన్నాడు తాత. తప్పు చదివానేమో అనుకుని ఈసారి ఇంకా నెమ్మదిగా చదివాను. "సాలు" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మిగతా వచనాలు అమ్మ చదివింది.

ఆ తర్వాత తాత ఊరికే ఒప్పేసుకోలేదు. ఆయన్ని నేను గౌరవించేది అందుకే. ఆ వాక్యంతో పోట్లాడాడు. పౌలు ఆ మాట కొరింథు వాళ్ళకి రాశాడు, వాళ్ళ కోర్టులు వేరు, మన కోర్టులు వేరు అని ఒక పూట. అన్యాయం చేసినవాణ్ణి వదిలేస్తే వాడి ఆత్మకే నష్టం కదా అని ఇంకో పూట. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి వాదించాడు. అమ్మతో వాదించాడు. చివరికి అయిదో వచనం దగ్గర ఆగాడు, సహోదరుల మధ్య తగువు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒకడైనా లేడా అన్నచోట. సరే, ముందు ఇది చేద్దామని సంఘం పెద్దలని కూర్చోబెట్టమని అడిగాడు. వాళ్ళు చినతాతని పిలిచారు. ఆయన రాలేదు. రెండోసారి పిలిచారు, రాలేదు.

"అయిదో వచనం అయిపోనాది, ఇంక ఏడోదే మిగిలినాది" అన్నాడు తాత ఆ రాత్రి. మర్నాడు ప్లీడరు దగ్గరికి వెళ్ళి కేసు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పొచ్చాడు. గెలిచే కేసు మాస్టారూ అని ప్లీడరు తల పట్టుకున్నాడట.

అమ్మమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నాలుగు సెట్ల కాయలు ఏటికి ఎన్నో తెలుసా నీకు? పౌలు గారు తెచ్చిస్తాడేటి?" అని గిన్నెలన్నీ ఎత్తెత్తి పడేసింది. ఆమె కోపంలో న్యాయం లేదని నేను అనను. ఆ కాయలతోనే మా చదువుల ఖర్చులు వెళ్ళేవి.

గోడ మీద సామెతల కాగితం అలాగే ఉంది. తీసేయవా నాన్నా అని అమ్మ అడిగితే తాత అన్న మాట ఇది. "ఎందుకు తీస్తాను? అదీ వాక్యమే. అది నా తమ్ముడికి సెప్పినది. ఇది నాకు సెప్పినది. ఇన్నాళ్ళూ ఆడి ఉత్తరం నేను సదువుకుంటున్నాను."

చినతాత గట్టు వెనక్కి జరపలేదు. చెట్లూ ఇవ్వలేదు. తాత పోయినరోజు వచ్చి పాడె మోశారు, అంతే. కథల్లో జరిగినట్టు ఏదో జరిగి ఉంటే బాగుండునని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

ఒక్క సంగతి చెప్పకపోతే తాతకి అన్యాయం చేసినదాన్నవుతాను. అన్యాయం జరిగిన ప్రతివాణ్ణీ ఓర్చుకోమని ఆయన చెప్పలేదు. మా వీధిలో భర్త పోయిన ఒకామె జీడితోటని మరుదులు కలిపేసుకుంటే, ఆమె అర్జీ తాతే రాశాడు. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఆమెతో తిరిగింది కూడా ఆయనే. నీ కేసు వదిలేసి ఆమె కేసు పట్టుకున్నావేమని అమ్మమ్మ అడిగితే యెషయా మొదటి అధ్యాయం తీసి, విధవరాలి పక్షముగా వాదించుడి అన్నచోట వేలు పెట్టి చూపించాడు. తన సొత్తు విషయంలో ఒక మాట, పేదరాలి సొత్తు విషయంలో ఇంకో మాట. పుస్తకం ఎక్కడ ఏం చెబితే అక్కడ అది. వాక్యం పేరు చెప్పి బలహీనుల్ని నోరు మూసుకోమనేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ అర్జీ గుర్తొస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటల సీమ ఉద్దానం అంతా కూలిపోయింది. కొబ్బరి, జీడి, పనస, ఏవీ మిగల్లేదు. తాత వదిలేసిన ఆ నాలుగు చెట్లూ, మా వైపు మిగిలినవీ ఒకే రాత్రి పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ వయసులో మళ్ళీ నాటాల్సి వచ్చిన రైతుల ముఖాలు చూడలేకపోయాం. అసలే ఉద్దానం కిడ్నీ జబ్బుతో కుములుతున్న నేల. డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు.

కొన్నాళ్ళకి ఒక ఇంటి ముందు టార్పాలిన్ కింద ప్రార్థన కూటం పెట్టారు. నేనూ వెళ్ళాను. బయట నుంచి వచ్చిన బోధకుడు ఒకాయన లేచి, ఈ నేల మీద పాపం పండింది, అందుకే ముందు జబ్బు వచ్చింది, తర్వాత గాలి వచ్చింది అన్నాడు. జనం తలలు వంచుకున్నారు. ఆ ఇంట్లో వెనక గదిలో కిడ్నీ పేషెంటు మంచం మీద ఉన్నాడు. ఆ మాటలు అతనికి వినబడుతూనే ఉంటాయి.

అమ్మ లేచింది. "అయ్యగారూ, ఒక్క భాగం చదవొచ్చా" అని అడిగి లూకా పదమూడో అధ్యాయం తీసింది. సిలోయములోని గోపురము పడి చచ్చిన ఆ పదునెనిమిదిమంది యెరూషలేములో కాపురమున్న వారందరికంటె అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువే అడుగుతాడు. కాదు అని ఆయనే చెబుతాడు. వింటున్నవాళ్ళలో ఊపిరి తిరిగింది. ఒకరిద్దరు గట్టిగానే స్తోత్రం అన్నారు. బోధకుడి వైపు కోపంగా చూసినవాళ్ళూ ఉన్నారు.

అక్కడ ఆపితే మా వాళ్ళందరికీ ఎంతో బాగుండేది. నాకూ బాగుండేది. అమ్మ మాత్రం తండ్రి కూతురు. తర్వాతి మాట కూడా చదివింది. మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు. స్తోత్రాలు ఆగిపోయాయి. "పడిపోయినోళ్ళ పాపం లెక్కపెట్టొద్దన్నాడు. మన పాపం లెక్క చూసుకోమన్నాడు. ఇది నాకూ, మీకూ, అయ్యగారికీ" అంది. తర్వాత అంజూరపు చెట్టు ఉపమానం కూడా చదివింది. మూడేళ్ళుగా కాయని చెట్టుని నరికేయమని యజమాని అంటే, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వమని తోటమాలి బతిమాలతాడు. తోటలు కూలిపోయిన ఊళ్ళో ఆ మాట చదవడానికి అమ్మ గొంతు సహకరించలేదు. ఆ బోధకుడు ఏమీ వాదించలేదు. తన బైబిల్లో అదే చోటు తెరిచి ఆమెతో పాటు చూస్తూ కూర్చున్నాడు. అతన్ని ఆ విషయంలో మెచ్చుకోవాలి.

కూటం ముగిసే ముందు ఒక రైతు అడిగాడు, ఈ లూకా మొదట్నుంచీ వరసగా సదువుకుందామా అమ్మా అని. అలా మొదలైంది. కరోనా రోజుల్లో ఆగినా మళ్ళీ అందుకున్నారు. లూకా అయిపోయి, యోహాను, అపొస్తలుల కార్యాలు, రోమా దాటి మొన్న కొరింథీలోకి వచ్చారని అమ్మ ఫోన్లో చెప్పింది. వచ్చే వారం ఆరో అధ్యాయం. చినతాత మనవలు ఇద్దరు ఆ కూటానికి ప్రతివారం వస్తారు. చదివే వంతు ఈసారి వాళ్ళ ఇంటిదట. నువ్వు చదివేస్తావా అమ్మా అని అడిగితే, వంతు ఎవరిదైతే వాళ్ళే చదవాలి కదా అంది.